గన్ను పెట్టి అడిగిన ఓటీపీ

చందాపుర చౌడప్ప పాతికేళ్లు డీజిల్ టాక్సీ తోలి, ఈమధ్యే కరెంటు కారుకు మారాడు. కారు బుద్ధిమంతురాలే, దాని యాప్‌కే తిక్క. బెళ్ళందూరులో ఛార్జింగుకు ఆగి, డ్రైవర్లందరూ గన్ను అని పిలిచే ఆ లావుపాటి ప్లగ్గును కారుకు తగిలించాడు. జేబులో నోట్లున్నా ఆ దిక్కుమాలిన యంత్రానికి అక్కర్లేదు, ఓటీపీయే కావాలట. అదేమో ఇంట్లో ఉన్న భార్య పాపక్క ఫోనుకు పోతుంది.

ఫోన్ చేసి, "గన్ను పెట్టేసినా! బిన్నా, తొందరగా ఓటీపీ చెప్పు!" అని అరిచాడు.

గన్ను అనగానే పాపక్క తుపాకీ అనుకుంది. గొంతులు మార్చి దోచుకునే మోసగాళ్ల వీడియోలు ఆమె రోజూ చూస్తుంది.

"ఎవరప్పా నువ్వు? మా ఆయన గొంతుతో నన్నే బెదిరిస్తుండావా?"

"నేనే మే, చౌడప్పని!"

"అట్లయితే చెప్పు. నిన్న కొత్త చీర కట్టుకోని నీ ముందరే తిరిగితి. ఏం రంగు?"

"కొత్త చీరా? ఎప్పుడు కొంటివి?"

పాపక్క నిట్టూర్చింది. "నువ్వు మా ఆయనవే. దొంగోడైతే ఏదో ఒక రంగు చెప్పుండేవాడు. రాసుకో."