ఆరింటి నీళ్లు

పొద్దున్నే సైకిలెక్కి పెద్దచెరువుకు వెళ్లడం, కాలవ వచ్చి కలిసేచోట మోకాలి లోతుకు దిగి మూడు సీసాల నీళ్లు పట్టడం, పరీక్షకు ల్యాబులో ఇచ్చి రిజిస్టరులో సంతకం పెట్టడం. ఇరవై ఆరేళ్లుగా ఇదే ఆయన ఉద్యోగం. సీసాల మామయ్యంటే తెలియనివాళ్లు లేరు. గడియారం తప్పినా ఆయన తప్పడు, ఆరంటే ఆరే. ఆ పట్టింపంటే ఆయనకు మహా గర్వం. "ఆ చెరువునే కట్టుకోవాల్సింది" అని భార్య దెప్పేది.

ఆ యేడు మునిసిపాలిటీ వాళ్లు తూర్పు గట్టున జమ్ముగడ్డి నరికి నాలుగు వందల ఇళ్లు కడతామన్నారు. నీటికోళ్లు గుడ్లు పెట్టేది ఆ జమ్ములోనే. కాలవ తెచ్చే మురికిని సగం పీల్చేసేదీ ఆ జమ్మే. అది పోతే చెరువు పోయినట్టే. అందుకే ఎన్నడూ మీటింగుల మొహం చూడని మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ ఇళ్ల మీటింగుకు వెళ్లాడు.

"ఇప్పటికే చేపలు చచ్చి తేలుతున్నాయి మేడమ్. ఇంకా ఇళ్లొద్దు" అన్నాడు.

ఇళ్లు కట్టించే ఇంజనీరమ్మ మర్యాదగానే నీటి పరీక్షల ఫైలు ఆయన ముందుకు జరిపింది. "నీళ్లు బాగున్నాయనే ఉంది కదండీ ఇన్నేళ్లూ. కింద సంతకాలు మీవే."

మర్నాడు ఆయన సీసాలు నింపాక కూడా గట్టు మీదే ఉండిపోయాడు. ఏడున్నరకు కాలవ రంగు మారింది. తొమ్మిదయ్యేసరికి నురగ, కంపు. కాలనీలన్నీ లేచి స్నానాలు చేసి, బట్టలుతికి, గిన్నెలు తోమేది అప్పుడే మరి. ఆరింటికి వాళ్లంతా ముసుగుతన్ని నిద్రపోతుంటారు. ఊరు చిన్నగా ఉన్నప్పుడు ఏ వేళ పట్టినా ఒకటే నీళ్లు. ఊరు పదింతలైంది, ఈయన మాత్రం ఆరు దగ్గరే ఆగిపోయాడు. తిట్టిపోద్దామంటే తను తప్ప ఎవరూ దొరకలేదు.

తొమ్మిదింటి నీళ్లు పట్టుకుని ల్యాబుకు పరుగెత్తాడు. గుమస్తా సీసా మీది టైము చూసి వెనక్కి ఇచ్చేశాడు.

"రూలు ప్రకారం ఆరింటివే తీసుకోవాలి మామా."

"ఎవడు పెట్టాడా రూలు?"

గుమస్తా పాత కాగితం వెతికి తీశాడు. ఎండెక్కితే దారిలో సీసాలు వేడెక్కి ఫలితం తప్పుతుంది, ఆరింటికే పట్టనివ్వండని కొత్తగా చేరినప్పుడు ఈయనే రాసిచ్చిన అర్జీ అది. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు.

"మార్చమని మళ్లీ రాసివ్వు, పైకి పంపిస్తా. ఆర్నెల్లు పట్టొచ్చు."

రాసిచ్చాడు. జమ్ము నరకడానికి నాలుగు రోజులే పట్టింది. ఐదోనాడు ఆయన నీళ్లలో నిలబడితే, గూళ్లు గుడ్లతో సహా కొట్టుకొచ్చి కాళ్లకు తగిలాయి. సీసాల్లో నీళ్లు తేటగానే ఉన్నాయి. నీళ్లు బాగున్నాయనే రిజిస్టరులో రాశారు, ఆయన సంతకం పెట్టాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.