సారు నాకిచ్చిన బొహీమియా

బొహీమియా యూరప్‌లో ఒక ప్రాంతం. నేను చూడలేదు, చూడాలని కూడా లేదు. ఆ పేరు ఎక్కడ కనబడినా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

డెబ్బైల తొలి ఏళ్ళలో గోదావరిఖనిలో మా క్వార్టర్ గోడల మీద నేను వేయని బొమ్మ లేదు. మా నాన్న, మా బాపు, గనిలో బొగ్గు నింపే పని చేసేవాడు. పొయ్యికని తెచ్చిన బొగ్గులో మెత్తటి ముక్కలు ఏరుకొని, మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళను సున్నపు గోడ మీద గీసేదాన్ని. అమ్మ తిట్టేది. బాపు మాత్రం డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా గోడ ముందు నిలబడేవాడు.

మా లైన్ చివర ఇంగ్లీషు ట్యూషన్ చెప్పే సారు ఉండేవారు. ఒకరోజు మా గోడ చూసి, "నువ్వు బొహీమియన్‌వి అమ్మా" అన్నారు. నేను బిత్తరపోతే కూర్చోబెట్టి చెప్పారు. దేశదిమ్మరులు బొహీమియా నుంచి వచ్చారని ఫ్రాన్సు వాళ్ళు అనుకున్నారట, అలా ఆ పేరు వాళ్ళకు అంటుకుంది. తర్వాత్తర్వాత, నలుగురూ ఏమనుకుంటారోనన్న చింత లేకుండా బొమ్మలే లోకంగానో, కవిత్వమే లోకంగానో బతికేవాళ్ళను కూడా ఇంగ్లీషులో ఆ మాటతోనే పిలిచారు.

"అక్కడ పుట్టక్కర్లేదు. నీలాంటి వాళ్ళంతా ఆ ఊరివాళ్ళే" అన్నారు.

ఆ మాటతో నా కాళ్ళు నేల మీద నిలవలేదు. హైదరాబాదులో బొమ్మలు నేర్పే కాలేజీ ఉందని చెప్పిందీ ఆయనే. మీ నాన్నగారితో నేను మాట్లాడతానని మాటిచ్చిందీ ఆయనే.

పది పాసయ్యాక బాపును అడిగాను. కాదనలేదు. "సారును అడుగుత బిడ్డా. ఆయన ఎట్లంటే గట్ల" అన్నాడు. బాపుకు అదే అలవాటు. గనిలో కూలీల మీద ఉండే సర్దారు కర్రతో పైకప్పు తట్టి, చప్పుడు విని, సరే అన్నాకే కూలీలు దాని కిందికి పోయేవాళ్ళు. వద్దంటే ఎందుకని అడిగేవాళ్ళు కాదు.

ఆ సాయంత్రం సారు మా అరుగు మీద కూర్చున్నారు. నేను తలుపు వెనక చాయ్ గ్లాసులతో నిలబడి వింటున్నాను.

"పిల్ల చేయి మంచిదేనండీ" అని గొంతు తగ్గించారు. "కానీ కాస్త బొహీమియన్. పట్నం పంపితే కష్టం. టైపు నేర్పించండి."

బాపు తల దించుకొని "మంచిది సారూ" అన్నాడు. నేను చాయ్ తీసుకుపోయి ఇచ్చాను. నా మొహం చూడకుండానే తాగారు సారు.

మర్నాడు ఆయనింటికి పోయి నిలదీశాను. "అది మంచి మాటన్నరు గద సారూ."

"పుస్తకాల్లో మంచిదేనమ్మా. రేపు అక్కడ నీకేమన్నా అయితే అందరూ నన్నంటారు" అన్నారు.

అంత పిరికివాడని తెలియక ఆయన్ను నమ్మాను. బాపు అర్థం అడగడని తెలిసే ఆ మాట ఇంగ్లీషులో అన్నారు. వద్దని తెలుగులో చెప్పి ఉంటే కనీసం మేము కొట్లాడుకునేవాళ్ళం.

టైపు నేర్చుకున్నాను. ఏడాది తిరక్కుండానే నా పెళ్ళి ఖాయమైంది. మాట ఇచ్చిపుచ్చుకున్న రోజు, మగపెళ్ళివారు పోయాక, బాపు నన్ను పక్కకు పిలిచాడు.

"బిడ్డా, ఇప్పుడు నీ పానం ఎట్లున్నది?"

"నాకేమైంది బాపూ?"

"గదే, సారు అన్నడు గద, బొహీ ఏదో. గప్పటి సంది నాకు అదే ఫికర్. దవాఖానల సూపిద్దమంటే మీ అమ్మ నలుగురికీ తెలుస్తదన్నది. పిలగానోళ్ళకు చెప్పాల్నా మరి? దాచుడు తప్పు గద."

"అది రోగం కాదు బాపూ. ఒక జాగ పేరు. బొమ్మలేసేటోళ్ళను గట్ల అంటరు."

బాపు గోడ వైపు తిరిగాడు. పెళ్ళివారు వస్తున్నారని ముందు రోజే దానికి సున్నం వేయించాం.

"గంతేనా బిడ్డా" అన్నాడు.