అవ్వ ఒడిలో ఆయిల్ గేజి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది మా వ్యానే. ముందు సీటు ఎత్తితే కింద ఇంజను కనబడే పాత పెట్రోలు బండి అది. ఐరాల దగ్గరున్న మా ఊరి నుంచి చిత్తూరు ఆస్పత్రికి పోవాలన్నా, కాణిపాకం పోవాలన్నా, టమాటా బుట్టలు మార్కెట్టుకు చేర్చాలన్నా అదే దిక్కు. మొరాయిస్తే మా నాయన తిట్టేవాడు. కదిలితే మా అవ్వ దిష్టి తీసేది.

ఆ రోజుల్లో మా అత్త, అంటే నాయన చెల్లెలు, కొత్తగా డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకుంది. చిత్తూరులో రక్త పరీక్షలు చేసే ల్యాబులో ఆమెకు ఉద్యోగం. మా వీధిలో వ్యాన్ తోలే ఆడమనిషి ఆమె ఒక్కతే కాబట్టి, ఆమె తాళాలు తీసుకున్నప్పుడల్లా ఏదో ఒక అరుగు మీద నుంచి ఏదో ఒక మాట వచ్చి పడేది. మా చెల్లెలికి పుట్టువెంట్రుకలు తీయించడానికి ఆదివారం తిరుమల కొండకు పోదామని ఇంట్లో అనుకున్నప్పుడు, బండి నేనే తోలుతానని అత్త అడిగింది. నాయన సగమే ఒప్పుకున్నాడు.

"అలిపిరి దాకా నువ్వు తోలు పాపా. ఆడి నుంచి ఘాటు రోడ్డు నేను సూసుకుంటా. బండి యాడన్నా నిలిచిపోయిందా, ఇంక తాళాలు అడగొద్దు."

అత్త సరేనంది. కానీ ఆ సాయంత్రమంతా ఆమె తాళాలు చేతిలోనే తిప్పుకుంటూ తిరగడం నేను చూశాను.

శనివారం మధ్యాహ్నం అత్త బండి కడిగి, సీటు ఎత్తి ఆయిల్ గేజి బయటికి లాగింది. గేజి అంటే ఇంజన్లో నూనె ఎంత ఉందో చూపించే సన్నటి కమ్మీ. దాని చివర పైన ఒక గీత, కింద ఒక గీత ఉంటాయి. నూనె తడి ఆ రెండు గీతల మధ్య ఉండాలి. ఆ రోజు తడి కింది గీతను కూడా సరిగ్గా అందుకోలేదు. అంటిన కాస్తా కాటుకలా ఉంది.

నాయన తేలిగ్గా తేల్చేశాడు. "షెడ్డులో ట్రాక్టరు ఆయిలు ఉండాది గదా. పోసేద్దాం. ఏదైతే ఏంలే."

"అది డీజిలు ఇంజనుకు చేసింది అన్నా, చిక్కగా ఉంటాది. దీనికి పలచంది కావాల. తెల్లారుజామున సల్లటి ఇంజన్లో చిక్కటిది పైదాకా ఎక్కేలోపల లోపలి ముక్కలు ఒట్టిగా రాసుకుంటాయి. సరైంది తెచ్చి, పాతదంతా దించేసి మారుస్తా," అంది అత్త.

అప్పుడు అవ్వ నోరు తెరిచింది. "ఈ పొద్దు శనివారం. ఈ ఇంట్లోకి నూనె వచ్చేదానికి లేదు."

మా ఇంట్లో శనివారం నూనె కొనరు, ఎవరైనా ఇచ్చినా పుచ్చుకోరు. శుక్రవారం సాయంత్రమే వంటింటి డబ్బాలో ఎంత ఉందో చూసుకోవడం అమ్మకు అలవాటు. ఇది తినే నూనె కాదు కదా అవ్వా అని నేను వాదించబోయాను. నూనె నూనే, పోయి ఆడుకోమంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరి కాలూ ఒకచోట నిలవలేదు. నాయన షెడ్డుకూ ఇంటికీ మధ్య తిరిగాడు. అమ్మ చెల్లెలి బట్టలు సర్దినవే మళ్లీ సర్దింది. నేను గేటు ఎక్కి దిగుతూ, ఎక్కి దిగుతూ ఉన్నాను. పడమటి వైపు మబ్బు పట్టింది.

అత్త మాత్రం వాదించలేదు. అవ్వ పక్కన నేల మీద కూర్చుని మెల్లగా అడిగింది. "గేటు బయటే మార్చుకుంటే ఏమ్మా? డబ్బా లోపలికి రాదు. ఖాళీ అయినాక కూడా రాదు."

అవ్వ వక్కాకు నములుతూ చాలాసేపు ఆలోచించింది. చివరికి, "ఒక్క సుక్క లోపలికి రాకూడదు. నేనే కూసోని సూస్తా," అని తన కుర్చీ వీధిలో వేయమంది.

అత్త నన్ను స్కూటరు ఎక్కించుకుని ఐరాల బజారుకు తీసుకెళ్లింది. షాపాయన ముందు పెట్టిన డబ్బాలను ఒక్కొక్కటిగా తిప్పి చూసి, బండి పుస్తకంలో చెప్పిన రకమే ఏరుకుంది. కొత్త ఫిల్టరు, నట్టు కింద వేసే వాషరు కూడా అడిగి తీసుకుంది. తిరిగొచ్చేసరికి వ్యాన్ గేటు బయట, చదునుగా ఉన్న చోట నిలబడి ఉంది. అవ్వ దాని ఎదురుగా పహరా కూర్చుంది.

కాసేపు ఇంజను తిప్పి ఆపి, అత్త పాత చీర పరుచుకుని బండి కిందికి దూరింది. ఎదురింటి పెద్దాయన ఊరుకుంటాడా? "ఏమప్పా, సెల్లెల్ని కిందికి తోసి నువ్వు పైన నిలబడినావే! మెకానిక్కు దొరకలేదా?" అన్నాడు.

నాయన ఏదో అనేలోపే బండి కింద నుంచి జవాబు వచ్చింది. "దొరికింది పెదనాయనా! బండి కిందే ఉండాది!"

వీధంతా నవ్వింది. నాయన కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. పాత నూనె నల్లటి తాడులా బేసిన్లోకి దిగింది. తాడు సన్నబడి దారమైంది, దారం తెగి చుక్కలైంది. చుక్కలు కూడా ఆగేదాకా అత్త నట్టు బిగించలేదు. తర్వాత ఫిల్టరు మార్చి, గరాటు పెట్టి తేనె రంగు కొత్త నూనె పోసింది. డబ్బాలో కొంచెం మిగల్చింది. ఇంజను స్టార్టు చేసి, నూనె అందకపోతే వెలిగే ఎర్ర లైటు ఆరిపోగానే ఆపేసింది.

ఆపీ ఆపకముందే నాయన గేజి లాగి చూశాడు. తడి కింది గీత దగ్గరే ఉంది. "తక్కువుండాది! మిగిలింది పోసేస్తా," అని డబ్బా ఎత్తాడు.

"ఉండన్నా. ఇప్పుడే గదా ఇంజను తిప్పింది. నూనె ఇంకా పైనంతా అంటుకోని ఉంటాది. కిందికి దిగాల."

"ఎంతసేపు?"

"దిగేదాక."

నాయన మబ్బు చూశాడు, ఎదురింటి అరుగు చూశాడు, మళ్లీ డబ్బా మూత మీద చెయ్యి వేశాడు. అప్పుడు అత్త చేసిన పని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆయన చేతిలోంచి గేజి తీసుకుని, గుడ్డతో తళతళలాడేలా తుడిచి, నడిచి వెళ్లి అవ్వ ఒడిలో పెట్టింది. "నేనొచ్చి అడిగేదాకా ఎవురికీ ఇయ్యొద్దమ్మా," అని చెప్పి చేతులు కడుక్కోవడానికి వీధి కొళాయి దగ్గరికి పోయింది.

నాయన అవ్వ ముందు నిలబడ్డాడు. "ఇట్లియ్యమ్మా, ఒక్కసారి సూసిస్తా."

"గమ్మునుండు."

"బండి గురించి నీకేం తెలుసమ్మా?"

"బండి గురించి నాకేం తెలీదు. నీ గురించి తెలుసు. పాలు పొంగకముందే గిన్నె దించేవోడివి."

ఈసారి వీధి ఇంకా గట్టిగా నవ్వింది. అవ్వ గేజిని చేతికర్రలా నిటారుగా పట్టుకుంది. నాయన వ్యాన్ చుట్టూ తిరిగాడు. ఆయన వెనక నేను తిరిగాను. తిరగడం తప్ప చేయడానికి ఏమీ లేకుండా పోయింది మా ఇద్దరికీ. చివరికి ఆయన అవ్వ కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను.

అత్త జుట్టు ముడి వేసుకుంటూ తీరిగ్గా వచ్చింది. అవ్వ గేజి ఇచ్చింది. లోపలికి దించి తీస్తే, తడి పై గీతకు కొంచెం కిందుగా, చక్కగా ఉంది. మిగిలింది కూడా పోసుంటే ఏమయ్యేదని నేను అడిగాను. "గీత దాటేది. ఎక్కువైనా నురగ కట్టి ఇంజనుకు సెరుపే," అంది అత్త. నాయన డబ్బా మూత తనే బిగించాడు. కొత్త నూనె తాగిన బండి ఆ రోజు లోపలికి రావడానికి అవ్వ ఒప్పుకోలేదు. ఆదివారం వచ్చేదాకా వ్యాన్ గేటు బయటే ఉంది.

మర్నాడు అలిపిరిలో సామాను తనిఖీ అయ్యాక నాయన ముందు అనుకున్నట్టే డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చాడు. అత్త తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది. నాయన ఆమె భుజం మీదుగా లోపలికి తొంగి చూశాడు. ఇంజను తిరుగుతోంది. ఎర్ర లైటు వెలగడం లేదు. తల వెనక్కి తీసుకుని, "ఎప్పుడూ తోలేదానికే సరిపోయింది. ఈసారి కొండ సూస్తా కూసుంటా," అన్నాడు. చుట్టూ తిరిగి వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు. పైదాకా ప్రతి మలుపులోనూ బ్రేకు లేని చోట ఆయన కాలు నేలను తొక్కుతూనే ఉంది. నోరు మాత్రం తెరవలేదు. ఆ తర్వాత అత్త తాళాలు అడగాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు నాది యంత్రాలు పరీక్షించే ఉద్యోగం. స్విచ్ ఆపిన మరుక్షణం కొలత ఎంత అని అడిగేవాళ్లు నా చుట్టూ ఉంటారు. ఆగండి అని చెప్పడం నాకు వచ్చు, ఆగడమే ఇంకా పూర్తిగా రాలేదు. అందుకే మా వ్యాన్‌కి నూనె మార్చిన ప్రతిసారీ గేజి తుడిచి, దగ్గర ఎవరుంటే వాళ్ల చేతికి ఇస్తాను. నేనడిగినా ఇవ్వొద్దని మరీ మరీ చెబుతాను. ఆ తర్వాత వెళ్లి అడుగుతాను కూడా.