బాకా మీద చెయ్యి

లక్సెట్టిపేటలో నా మిత్రుడి ఇంట్లో ఒక గది నిండా గ్రామఫోన్లు ఉండేవి. జమ్మికుంట దగ్గర తన వాటాకు వచ్చిన పత్తి చేను అమ్మి వాటిని కొన్నాడు. నేను పత్రికలో పనిచేసే రోజుల్లో గోదావరి వరద వార్తల కోసం అటు వెళ్తే భోజనం వాళ్లింట్లోనే. తిన్నాక పాట తప్పదు. కీ తిప్పి, ముల్లు ఆనించి, ఇత్తడి బాకా మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకునేవాడు. పాట అయ్యేదాకా ఆ చెయ్యి తీసేవాడు కాదు.

"ఈ గది మర్యాద. పాటకు మొక్కినట్టు," అనేవాడు.

ఆ మర్యాద నేర్పింది ఆ గ్రామఫోన్లు అమ్మిన కాగజ్‌నగర్ వ్యాపారి. పాత బంగళాల సామాను కొని తిరిగి అమ్మే మనిషి. ఏ పెట్టె తెచ్చినా బాకా మీద చెయ్యి పెట్టే వినిపించేవాడట.

"నాకు జరమొచ్చినప్పుడు గిట్ల నెత్తి మీద చెయ్యి వెట్టిండా, అడుగన్నా," అనేది మిత్రుడి భార్య వంటింట్లోంచి.

ఈమధ్య అన్నదమ్ములకు ఇల్లు ఇరుకైంది. చేను అమ్ముకుని పెట్టెలు కొన్నావు, ఆ పెట్టెల్లోనే ఉండు అన్నారు. అవి అమ్ముడైతేనే భార్యాభర్తలకు సొంత ఇల్లు. హైదరాబాద్ నుంచి పాత గ్రామఫోన్లు సేకరించే ఒకాయన చూడటానికి వస్తున్నాడని తెలిసి, నన్నూ పక్కన ఉండమన్నాడు.

వచ్చినాయన మితభాషి. మిత్రుడు కీ తిప్పి బాకా మీద చెయ్యి పెట్టాడు.

"చెయ్యి తీయండి," అన్నాడాయన.

"పాటకు మర్యాద సార్."

"సరేనండీ. ఒక్కసారి తీయండి."

తీశాడు. బాకా గడగడా వణికింది. ఆ చప్పుడులో పాట సరిగా వినబడలేదు. రెండోదీ అంతే. మూడోదానికి మిత్రుడే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"పెట్టెలు పాతవే. బాకాలు కొత్తగా చేయించి తగిలించారు," అన్నాడాయన. "కుదురుగా కూర్చోవు, వణుకుతాయి. అందుకే అమ్మేవాళ్లు చేత్తో పట్టుకుని వినిపిస్తారు."

చాయ్ తాగి, ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు. మిత్రుడు అప్పుడే వ్యాపారికి ఫోన్ చేశాడు. అవతలి గొంతు మా అందరికీ వినిపించింది.

"ఇన్నేండ్లు మంచిగనే ఇన్నరు గద సార్. ఇప్పుడేం పరేషాన్?"

మిత్రుడి భార్య చాయ్ కప్పులు తీస్తూ, "గీ మొక్కుడొక్కటే మనకు దక్కింది," అంది.

పత్తి ఏరే రోజుల్లో మళ్లీ వెళ్లాను. గదిలో ఎవరో యువ దంపతులు ఉన్నారు. మంచిర్యాల రోడ్డు మీద హోటల్ తెరుస్తున్నారట, అలంకరణకు పాత వస్తువులు కావాలట. మిత్రుడు కీ తిప్పాడు. బాకా మీద చెయ్యి పెట్టాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. వాళ్ల ముఖాలే చూస్తున్నాడు.

"చెయ్యెందుకు వెట్టిన్రు అంకుల్?" అంది ఆ అమ్మాయి.

"మర్యాద బిడ్డా. పాటకు మొక్కినట్టు. మీరు గూడ గట్లనే వెట్టాలె."

ఆమె భర్త చెప్పులు విడిచి వచ్చి, భక్తిగా బాకా మీద చెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి సరిగ్గా ఆనిందని చూసుకున్నాకే మిత్రుడు తన చెయ్యి తీశాడు.