కమాను కింద చాయ్

దర్బారు హాలులో అడుగుపెట్టగానే తడి సున్నపు వాసన తగిలింది. పక్క గదిలో గోడకు కొత్త పూత వేస్తున్నారు. అద్దాల పెట్టెల్లో కత్తులు, మూలన పల్లకీ, సంస్థానాధీశుల నిలువెత్తు చిత్రాలు. నా చూపు మాత్రం వాటి మీద నిలవక నేరుగా పైనున్న కమాను మీదికి పోయింది. తడి సున్నం వాసన వస్తే ఇప్పటికీ ముందు పైకే చూస్తాను.

ఈ మహలును మ్యూజియంగా మార్చే రోజుల్లో నేను కొత్తగా చేరిన ఇంజనీరును. నా పై అధికారి జహీర్ సాబ్ సొంతూరు అయిజ. పగుళ్ళకు అడ్డంగా పలుచని గాజుపట్టీలు అతికించి, రోజూ పొద్దున్నే వాటి ముందు నిలబడేవారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. "గోడ దాస్తదమ్మా, గాజు దాయదు," అనేవారు.

దర్బారు కమానును సున్నంతో తిరిగి కట్టాం. ప్రారంభోత్సవానికి ముందురోజు, దాని కింద ఆనించిన కర్రలు తీయాలి. అలా తీసే ప్రతిసారీ జహీర్ సాబ్ సరిగ్గా కమాను కిందే స్టూలు వేసుకొని, చేతిలో చాయ్‌తో కూర్చునేవారు. మేస్త్రీ మైసయ్య సుత్తె ఎత్తలేకపోయాడు.

"సాబ్, జర పక్కకు జరుగుండ్రి. మీకేమన్నయితే ఇంట్ల బేగమమ్మ నన్ను బతకనిస్తదా?"

"నేను జరిగితే నీ సుత్తెకు భయం పోతది మైసయ్యా. కొట్టు."

సాసరు మీద కప్పు సన్నగా గలగలలాడటం విన్నాను. "మీకూ భయమేనా సార్?" అని అడిగాను.

"మస్తు భయం. అందుకే లెక్క మళ్ళ చేసిన."

మొదటి కర్ర వచ్చింది. రెండవది సడలుతుండగా ఆయన చేయెత్తి, "ఆగు," అన్నారు. చల్లారిన చాయ్ మీది మీగడపై, పైనుంచి రాలిన నాలుగు ఇసుక రేణువులున్నాయి.

"గాజు మంచిగనే ఉంది కద సాబ్!" అన్నాడు కాంట్రాక్టరు. "గింత ఇసుకకు రేపటి ఓపెనింగ్ ఆపుతరా? పెద్దోళ్ళు వస్తున్నరు."

"సున్నం ఇంక పచ్చిగుంది. కర్రలు మళ్ళ పెట్టు." ఆయన కప్పును కాంట్రాక్టరు ముందుకు చాచారు. "రేపు దీని కింద పిల్లలు నిలబడ్తరు. చూసుకోనీకి వాళ్ళ చేతుల చాయ్ ఉండదు."

ప్రారంభోత్సవం ఆగిపోయింది. పై నుంచి వచ్చిన తిట్లన్నీ ఆయన ఫోను పట్టుకొని నిలబడే విన్నారు. వానాకాలం గడిచాక కర్రలు తీశాం. అదే స్టూలు, అదే గలగల. ఈసారి మీగడ మీద ఒక్క రేణువూ లేదు. కమాను పడలేదు కనుక, ఆనాడు ఆయన భయపడింది సరైనదేనని రుజువు ఎన్నటికీ దొరకలేదు. ఆ రుజువు అవసరం లేకుండా పని చేయడమే ఆయన దగ్గర నేర్చుకున్నాను.

ఇదంతా తలచుకుంటుండగానే, బిజినేపల్లి నుంచి వచ్చిన బడిపిల్లలు అరుచుకుంటూ హాలులోకి దూసుకొచ్చారు. కమాను కింద నిలబడి అరచేయి చాచాను. కాపలా మనిషి నవ్వాడు. "ఏంది మేడమ్, లోపల గూడ వాన పడ్తుందా?"

అరచేతిలోకి ఏమీ రాలలేదు. అయినా చివరి పిల్ల తలుపు దాటేవరకు చేయి దించలేదు.