నాయిన తప్పులు పట్టని కారు

మా నాయిన నోటి నుంచి "బాగున్నది" అన్న మాట విన్నరోజు నాకు అన్నం సహించలేదు. నవ్వుకోకండి. ఏడేళ్లుగా నేను కట్టిన ప్రతి బొమ్మ కారులోనూ ఆయన ఏదో ఒక తప్పు పట్టాడు. తప్పు పట్టడమే మా ఇంట్లో మెచ్చుకోలు.

నాయిన మెదక్ బజారులో బట్టల దుకాణమున్న ఒక సేఠ్ దగ్గర డ్రైవరు. సేఠ్‌కు తెల్ల అంబాసిడర్ ఉండేది. ఏటా ఆయన కుటుంబాన్ని హైదరాబాదులో నాంపల్లి ఎగ్జిబిషన్‌కు, నుమాయిష్‌కు, తీసుకుపోయే నాయిన, నాకు పన్నెండేళ్లప్పుడు అక్కడి నుంచి ప్లాస్టిక్ ఇటుకల డబ్బా ఒకటి తెచ్చాడు. ఇటుకకు పైన బుడిపెలు, కింద గుంటలు. ఒకదాని మీద ఒకటి నొక్కితే గట్టిగా పట్టుకునేవి. మూత మీద ఇంటి బొమ్మ ఉండేది గానీ నేను ఒక్కసారి కూడా ఇల్లు కట్టలేదు. పొద్దున లేస్తే కార్ల ముచ్చటే వినబడే చోట ఇల్లెందుకు కడతాను. ఆ తరువాత ప్రతి నుమాయిష్‌కూ ఒక డబ్బా వచ్చేది.

పందొమ్మిదేళ్లు వచ్చేసరికి నా ఇటుకలతో ట్రంకు పెట్టె సగం నిండింది. అప్పటికి అరవైలు అయిపోవస్తున్నాయి. టీచర్ ట్రైనింగ్ పరీక్ష రాసి ఇంట్లో కూర్చున్న పిల్ల బొమ్మ కార్లు కట్టుకుంటుంటే వాడకట్టు ఊరుకుంటుందా. "పెండ్లయినంక మొగనికి గూడ ఇటుకలే వండిపెడ్తదేమో" అనేవాళ్లు. అననివ్వండి. మూలలు తేలిన ఇటుకలతో అంబాసిడర్ బానెట్‌కు గుండ్రం తేవడం ఎంత పనో వాళ్లకేం తెలుసు. రంపపు బ్లేడుతో ఇటుకలను సగానికి కోసి, మెట్లు మెట్లుగా పేర్చి, నాలుగడుగుల దూరం నుంచి చూస్తే గుండ్రమే అనిపించేలా చేసేదాన్ని. డబ్బాలో వచ్చే చక్రాలు మరీ చిన్నవి. దవాఖాన కాంపౌండరు దాచి ఇచ్చే ఇంజెక్షన్ సీసాల రబ్బరు మూతలే నా టైర్లు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుడితే ముందు లైట్లు. డోర్లు పిన్నీసు తీగ మీద తెరుచుకునేవి.

కారు పూర్తయిన రోజు నాయిన చేతులు కడుక్కొని వచ్చి, దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూసేవాడు.

"సైలెన్సర్ గంత బయటికుంటదా బిడ్డా? డిక్కీ హ్యాండిల్ జర కిందికి రావాలె."

నేను మూతి ముడుచుకుని ఊడదీసేదాన్ని, మళ్లీ కట్టేదాన్ని. ఏమీ అనకుండా అల్మారా మీద పెట్టాడంటే పాసయినట్టు.

ఆ ఏడు దసరాకు నెలముందు తెల్ల ఇటుకలు అయిపోయాయి. ఎడమవైపు వెనక డోరులో ఒక ఎర్ర ఇటుక పెట్టి, తరువాత మార్చుదాంలే అనుకున్నాను. నాయిన చూశాడు. కిటికీ దగ్గరే, మంచి వెలుతురులోనే చూశాడు. చుట్టూ తిప్పి, "బాగున్నది బిడ్డా" అన్నాడు. ఆ ఎర్ర ఇటుక తెల్ల చొక్కా మీద పాన్ మరకలా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. అనుమానం పెనుభూతం అంటారు. అది నన్ను ఆ పూటే పట్టుకుంది.

మరునాడు కావాలనే ఒక లైటు తీసేశాను. "బాగనే ఉన్నది" అన్నాడు. రెండు రోజులాగి నంబరు ప్లేటు పీకేశాను. దానికీ ఏమీ అనలేదు. కన్నతండ్రికి పరీక్ష పెడుతున్నానన్న సిగ్గు ఒకవైపు, పరీక్ష ఎటు పోతోందో చూస్తున్న భయం ఒకవైపు. చివరికి ఒక చక్రమే తీసేశాను. ఈసారి ఆయన వేళ్లు కారు అడుగున మెల్లగా జరిగి ఖాళీ దగ్గర ఆగాయి.

"చక్రం ఊసిపోయిందే," అన్నాడు.

వేళ్లతో చూస్తున్నాడు, కళ్లతో కాదు. కారు నా చేతిలో పెట్టి, బయటికి పోయాడు.

అప్పటి నుంచి ఒక్కొక్కటీ గుర్తు రాసాగింది. పొద్దుగూకకముందే కారు షెడ్డులో పెట్టి వచ్చేస్తున్నాడు. బజారులో ఎదురైన వాళ్లు పలకరించేదాకా తను పలకరించడం లేదు. రోజూ పోయే దారి గనుక మెల్లగా ఎట్లాగో నెట్టుకొస్తున్నాడు. ఆ కారు వెనక సీట్లో రోజూ సేఠ్ బిడ్డలిద్దరు బడికి పోతారు. పెద్దదానికి ఏడేళ్లు, చిన్నదానికి ఇంకా పాలపండ్లే. బడి విడిచే వేళకు నేను వాకిట్లో నిలబడేదాన్ని. సందు చివర ఆ కారు హారన్ వినిపిస్తే ఊపిరి వచ్చేది. ఆలస్యమైతే ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగేదాన్ని. చేతిలో పని సాగేది కాదు, ఇటుకలు తప్పుగా పేర్చి మళ్లీ ఊడదీసేదాన్ని.

ఆగలేక అమ్మతో చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"మోతీబింద్ అయి ఉంటది, కంట్లె పొర. నాకు గూడ అనుమానమున్నది," అంది.

"మరి దవాఖానకు పోదాం అమ్మా."

"మా అన్న కన్ను ఆపరేషన్ చేపిస్తేనే పోయింది. మీ నాయినకు స్టీరింగు తప్ప ఇంకేం వస్తది? గది గుంజుకుంటే మనిషి బతుకుతడా? గా మాట నోట్లెకెల్లి తియ్యకు."

అమ్మది తప్పని నేను ఇప్పటికీ గట్టిగా అనలేను. కానీ దసరా మరునాడు సేఠ్ ఇంటిల్లిపాదీ పెండ్లికి హైదరాబాదు పోతున్నారు. తోలేది నాయినే. ఎదురుగా లారీలు వచ్చే రోడ్డు. చెబితే నాయిన బతుకు పోతుంది, చెప్పకపోతే ఆ పిల్లలకు ఏమవుతుందో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రోజుకు పదిసార్లు నోరు తెరవబోయి మూసుకున్నాను.

దసరా రానే వచ్చింది. సేఠ్ అయిదు పూటలా నమాజు చేసే మనిషే అయినా, ఆ ఒక్కరోజు కారును నాయినకు వదిలేసేవాడు. "గాడీ నాది, పూజ మీది," అని నవ్వుతూ పక్కన నిలబడి కొబ్బరి ముక్క తీసుకునేవాడు. ఆ ఏడు కూడా షెడ్డు ముందు ఎండలో నాయిన కారుకు పసుపు రాశాడు, బొట్లు పెట్టాడు, బంతిపూల దండ కట్టాడు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. చేతికి అలవాటైన బండి గనుక ఎక్కడా తడబడలేదు. నిన్నటిదాకా నాకే ఏదో భ్రమ పుట్టిందేమో అని ఒక్క క్షణం ఆశ కలిగింది.

ప్రతి ఏడూ పూజ చివరన నా బొమ్మ కారుకు కూడా బొట్టు పెట్టడం ఆయనకు అలవాటు. దాన్ని స్టూలు మీద పెట్టాను. అందులో ఈసారి ఏ తప్పూ లేదు, అన్నీ సరిచేసి తెచ్చాను. నాయిన కుంకుమ తీసుకొని ఎంతో శ్రద్ధగా బొట్టు పెట్టాడు, డిక్కీకి. కర్పూరం వెలిగించి హారతి కూడా డిక్కీకే ఇచ్చాడు.

"డ్రైవర్ సాబ్, మీ బిడ్డ గాడి రివర్స్‌లనే పోతదా?" అన్నాడు సేఠ్.

అందరూ నవ్వారు. నాయిన కూడా నవ్వాడు, అందరి నవ్వులూ విన్నాక, కొంచెం ఆలస్యంగా. దేనికి నవ్వుతున్నారో ఆయనకు తెలియదు. పక్కనే ఉన్న అమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఇక నిమ్మకాయలు తొక్కించడమే మిగిలింది. అవి చిట్లే చప్పుడు సేఠ్ బిడ్డలకు పెద్ద పండుగ. ఎప్పటిలాగే ఇద్దరూ ఉరుక్కుంటూ వచ్చి వెనక సీట్లో ఎక్కారు. నాయిన లోపల కూర్చుని బండి స్టార్ట్ చేశాడు. నేను ఎప్పుడు కదిలానో నాకే తెలియదు, బానెట్‌కు ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆయన నన్ను చూశాడో లేదో కూడా తెలియదు.

"నాయినా, బండి ఆపు," అన్నాను.

ఇంజను ఆగింది. కిటికీ దగ్గరికి పోయాను. ఆయన తల తిప్పకుండానే గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవ్వరికన్న చెప్పినవా?"

"అమ్మకు తప్ప ఎవ్వరికి చెప్పలే."

"నా బిడ్డ మూడు చక్రాల కారు కడ్తదా? నన్ను పరీక్ష చేస్తున్నవని గప్పుడే తెల్సింది. రేపు చెప్తవేమో, ఎల్లుండి చెప్తవేమో అని ఎదురుచూసిన. నాకైతే నోరు రాలే."

ఆయన బాధపడతాడని నేను దాచాను. నేను బయటపెడతానని ఆయన కాచుకొని ఉన్నాడు. మేమిద్దరం ఇట్లా ఒకరి నోటి కోసం ఒకరం చూస్తుంటే, ఆ పిల్లలు మాత్రం రోజూ ఆ కారెక్కారు. నాకు నా మీద కోపం వచ్చింది. ఆయన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

నాయిన తాళంచెవి తీసుకొని దిగాడు. కారును చేత్తో తడుముతూ వచ్చి సేఠ్ ముందు నిలబడ్డాడు.

"సేఠ్ సాబ్, నాకు కండ్లు సరిగ కనవడుతలేవు. రేపటికి ఇంకో డ్రైవర్‌ను చూసుకోండ్రి."

సేఠ్ మొహంలో నవ్వు పోయింది. "ఎప్పటి సంది?" అని అడిగాడు.

నాయిన తాళంచెవిని ముందుకు చాపాడు.

"నెల సంది నాకు తెలుసు," అన్నాను నేను.

సేఠ్ మమ్మల్ని తిడితే బాగుండేది. ఆయన తాళంచెవి కూడా తీసుకోలేదు. నేరుగా పోయి వెనక డోరు తెరిచి, "ఆజావ్ బేటా" అని బిడ్డలను పిలిచాడు. నిమ్మకాయలు తొక్కించేదాకా దిగనని చిన్నది మారాం చేసింది. దాన్ని రెండు చేతులా ఎత్తుకొని, తలను భుజానికి అదుముకున్నాడు. పెద్దదాని చెయ్యి పట్టుకొని, మా పక్క నుంచి దూరంగా జరిగి షెడ్డు నీడలోకి పోయాడు.

నాయిన చేతులు జోడించాడు. సేఠ్ నిలబడి ఉన్న నీడ వైపు కాదు, ఇంతకుముందు నిలబడి ఉన్న ఎండ వైపు జోడించాడు. అక్కడ ఎవరూ లేరు. నేను పోయి ఆయన భుజాలు పట్టుకొని సేఠ్ ఉన్న వైపుకు తిప్పాను.