మిషను అడిగే మాట

ఎనభైల చివర్లో నేను అమలాపురంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్పేదాన్ని. మేడ మీద రెండు గదులు. పెద్దగదిలో నా టైపు మిషన్లు, చిన్నగదిలో కంప్యూటరు. నా మిషన్లన్నీ ఒక్కసారి మొదలెడితే వీధి చివరిదాకా వినపడేది, అయినా వాటిని పట్టించుకున్న నాథుడు లేడు. నోరెత్తని ఆ ఒక్కదానికి మాత్రం అద్దాల తలుపు, చల్లటి గాలి, చెప్పులు బయట విడిచి రావాలన్న నియమం. ఉప్పలగుప్తం నుంచి సైకిళ్ళ మీద వచ్చే పిల్లలు కిందనున్న కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని మరీ పైకి వచ్చేవారు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

ఇన్‌స్టిట్యూట్ పెట్టినాయన కొబ్బరితోటల ఆసామి. మేమంతా ప్రొప్రయిటరు గారనే వాళ్ళం. ఆయన గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కోపం వచ్చేకొద్దీ ఆయన గొంతు తగ్గేది, మర్యాద పెరిగేది. అందుకని ఆయన మరీ మెత్తగా పలకరించిన రోజున మేం ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరిగేవాళ్ళం.

కంప్యూటరు నేర్పే మాస్టారు రాజోలు వైపు నుంచి రేవు దాటి వచ్చేవారు. వాళ్ళ తాతల తరమంతా ఆసాముల పొలాల్లో కూలిపని చేసినవాళ్ళు. తండ్రి చర్చి బడిలో పంతులయ్యారు, ఈయన మద్రాసు వెళ్ళి కంప్యూటరు నేర్చుకుని వచ్చారు. భార్య, ఇద్దరు చంటిపిల్లలు, రిటైరైన తండ్రి, అందరూ ఆయన ఉద్యోగం మీదే బతుకుతున్నారు. మా చుట్టుపక్కల ఆ పని తెలిసిన మనిషి అప్పటికి మరొకరు లేరు గనక ఆ ఉద్యోగానికి ఢోకా లేదనే అనుకున్నాం.

అంతలో ప్రొప్రయిటరు గారి మేనల్లుడు హైదరాబాదులో ఏదో చిన్న కోర్సు చేసి ఊళ్ళో దిగాడు. మామయ్య వెనకాలే మేడెక్కి వచ్చి, అద్దాల తలుపు అవతల చేతులు కట్టుకుని నిలబడేవాడు. కుర్రాడు చెడ్డవాడేం కాదు. చూసేవాడు, అంతే. ఒకరోజు ప్రొప్రయిటరు గారు చాలా మెత్తగా, మావాడికి కూడా కాస్త చూపించండి మాస్టారూ, మీకు సాయంగా ఉంటాడు అన్నారు. సాయం అన్న మాటకి భయపడటం నాకదే మొదలు. మాస్టారు నవ్వి తలూపారు గానీ ఆ పూట తెచ్చుకున్న క్యారేజీ విప్పలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. పిల్లలెవరూ లేరు. మాస్టారు నన్ను చిన్నగదిలోకి పిలిచి స్విచ్చి వేశారు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అంకెలు గబగబా పెరగడం మొదలెట్టాయి. మిషను తన జ్ఞాపకశక్తి తాను లెక్క చూసుకుంటోందన్నారు. ఆ లెక్క తేలేలోపు డిలీట్ కీ నొక్కాలట. నొక్కారు. రోజూ కనపడే తెర కాకుండా వేరే తెర వచ్చింది. తేదీ, టైము, లోపలున్న డిస్కు ఏ రకం, అన్నీ అక్కడ రాసి ఉన్నాయి. ఆ వివరాలు తప్పితే మిషను లేవనే లేవదట. దాన్ని సెటప్ అంటారని చెప్పారు.

"ఇక్కడ నేనొక మాట పెట్టేనండి టీచరుగారూ. రేపట్నించి స్విచ్చి వేస్తే ముందు ఆ మాట అడుగుతుంది. చెప్పకపోతే అడుగు ముందుకెయ్యదు" అన్నారు. "అది నాకొక్కడికే తెలుసు."

నాకు అది తప్పుగా కాదు, ప్రమాదంగా తోచింది. ఎందుకండీ ఈ పని అన్నాను. అప్పుడాయన వాళ్ళ మామ్మ సంగతి చెప్పారు. ఆవిడ కామెర్లకి పసరు పోసేది. ఏ ఆకు నూరుతుందో కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. బయటికి చెబితే మందు పనిచెయ్యదని మా వైపు నమ్మకం, ఆ మందు ఇచ్చే ప్రతి ఇంట్లోనూ అంతే. పగలంతా ఆవిడ ఎవరి పొలంలో వంగి వరి ఊడ్చేదో ఆ ఆసాములే, కళ్ళు పచ్చబడ్డాక తెల్లారకుండా వచ్చి ఆవిడ గుమ్మం ముందు కూచునేవారట. ఆకు పేరు ఎవరికైనా తెలిసుంటే మా గుమ్మానికి ఎవరొచ్చేవారండీ అన్నారాయన.

మర్నాటి నుంచి ఆయన పొద్దున్నే తలుపుకి వీపు పెట్టి, భుజాలు ముందుకు వంచి ఆ మాట కొట్టేవారు. మంత్రం చెబుతున్నట్టు అందరూ పక్కకి తప్పుకునేవారు. మేనల్లుడు కూడా తప్పుకునేవాడు. ప్రొప్రయిటరు గారు ఒకసారి అది చూశారు. మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మాస్టారు కాఫీ తాగారో లేదో కనుక్కోమని నాతో చెప్పారు.

వానలు వెలిశాక మాస్టారు రావడం మానేశారు. కామెర్లని కబురొచ్చింది. పిల్లలు వచ్చి ఖాళీ తెర ముందు కూచుని వెళ్ళిపోతున్నారు. తెర మీద పాస్‌వర్డ్ అన్న ఒక్క ముక్క, దాని పక్కన మినుకుమినుకుమంటూ ఒక గీత. మేనల్లుడు తనకి తోచినవన్నీ కొట్టి చూశాడు. మూడుసార్లు తప్పితే మిషను బిగుసుకుపోయేది.

చివరికి ప్రొప్రయిటరు గారు నన్ను కూడా వెంటబెట్టుకుని రేవు దాటి పరామర్శకి వెళ్ళారు. మాస్టారు మంచం మీద ఉన్నారు. కళ్ళు చూస్తే భయం వేసింది. ఆయన భార్య మాకు బొండాలు కొట్టించి ఇచ్చింది. ప్రొప్రయిటరు గారు మంచం పక్కనే కుర్చీ వేయించుకున్నారు.

"మీ మామ్మగారుంటే ఈపాటికి లేచి తిరుగుదురు. మా నాన్నగారికి ఆవిడే పసరు పోసేరు" అన్నారు. "ఆ ఆకేదో ఆవిడ ఎవరికైనా చెప్పేరా?"

"లేదండి."

"చెప్పాల్సిందండి."

తరవాత ఆయన కంప్యూటరు మాట అడిగారు, వీలైతే చెప్పండి అన్నట్టు. మాస్టారు భార్య గుమ్మంలో చంటిదాన్ని ఎత్తుకుని నిలబడి ఉంది. చెప్పెయ్యండి అని నా నోటిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుందో తెలుసు గనక ఆగిపోయాను. చెప్పకపోతే ఏమవుతుందో తెలిసుంటే ఆగేదాన్ని కానేమో.

"నాలుగు రోజుల్లో నేనే వచ్చేస్తానండి" అన్నారు మాస్టారు.

"ఆయ్, అలాగే కానివ్వండి" అని ప్రొప్రయిటరు గారు లేచారు. రెండోసారి అడగలేదు. తిరుగు దారిలో రేవు దాటించే పంటు మీద నిలబడి నీళ్ళకేసి చూస్తూ, పాపం బాగా చిక్కిపోయేరు అని మాత్రం అన్నారు. నిజంగానే జాలిపడుతున్నారు. ఆ జాలి నన్ను మరీ భయపెట్టింది.

ఆ వారమే కాకినాడ నుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. మిషను పైరేకు విప్పి, లోపల టార్చిలైటులో వేసుకునేలాంటి బ్యాటరీల కట్ట ఒకటి ఉంటే దాని వైరు ఊడదీశాడు. ఇక కాఫీ తాగొద్దామండీ అన్నాడు. మిషను కట్టేసి ఉన్నప్పుడు దాని జ్ఞాపకమంతా ఆ బ్యాటరీల వల్లేనట, కాసేపు అవి లేకపోతే తేదీతో సహా అన్నీ మరిచిపోతుందట. తిరిగొచ్చి వైరు తగిలించి స్విచ్చి వేశాడు. మాస్టారి మాట పోయింది. డిస్కు మీద అంటించిన కాగితం చూసి వివరాలు మళ్ళీ ఎక్కించాడు. కొత్త మాట ఏదైనా పెట్టమంటారా అని అడిగాడు.

మేనల్లుడు ఏదో చెప్పబోయాడు. ప్రొప్రయిటరు గారు చెయ్యెత్తి ఆపారు.

"ఏ మాటా వద్దండి. ఎవరైనా తెరుచుకునేలా ఉండనివ్వండి" అన్నారు, నాకు వినపడీ వినపడనంత మెల్లగా.

మాస్టారికి ఈ సంగతి చెప్పమని నాకెవరూ చెప్పలేదు, చెప్పొద్దనీ అనలేదు. చెబుదామని కాగితం తీసుకుని కూచున్నాను గానీ, మంచం మీదున్న మనిషికి ఆ వార్త ఎలా రాయాలో నాకు చాతకాలేదు.

దసరా సెలవులయ్యాక ఆయన వచ్చారు. చొక్కా వేలాడుతోంది గానీ కళ్ళు తేటపడ్డాయి. పిల్లలంతా చుట్టూ మూగారు. మేనల్లుడు ఎదురొచ్చి బాగున్నారా అని అడిగాడు. అందరూ తన కోసమే ఎదురుచూస్తున్నారని ఆయన మొహం వెలిగిపోయింది. నేను పెద్దగదిలోంచి లేచి వెళ్ళేసరికి ఆయన తలుపుకి వీపు పెట్టి కూచున్నారు. స్విచ్చి వేశారు. అంకెలు పెరిగాయి, లెక్క తేలింది. ఆయన భుజాలు ముందుకు వంగాయి.

మిషను ఆగలేదు. ఏమీ అడక్కుండా నేరుగా లేచి, పనికి సిద్ధంగా నిలబడింది.

ఆయన కట్టేసి మళ్ళీ వేశారు. మళ్ళీ అంతే. వేళ్ళు కీల మీదే ఉన్నాయి. తల తిప్పి, ఎవరెవరున్నారో చూసి, నా వైపు చూశారు.

"నన్నేం అడగట్లేదండి టీచరుగారూ" అన్నారు.

నేను తల దించుకున్నాను. మేనల్లుడు ఆయన కుర్చీ వెనక మర్యాదగా నిలబడి ఉన్నాడు. లెమ్మని వాడు అనలేదు, ఇంకెవరూ అనలేదు. మాస్టారే లేచి, కుర్చీ మేనల్లుడి వైపు జరిపి, బయట విడిచిన చెప్పులు వేసుకున్నారు.